వైడ్ యాంగిల్ లెన్స్ కొంటున్నారా? పెట్టె మీది అంకెను చూసి డబ్బు కట్టకండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కొండలు, జలపాతాలు ఫొటోలు తీయడానికి కొత్తగా కెమెరా, వైడ్ యాంగిల్ లెన్స్ కొనబోతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఈశాన్య రుతుపవనాల వానలకు తలకోనలో నీళ్లు పెరిగాయని తెలియగానే చాలామందికి మంచి కెమెరా మీద మనసు పోతుంది. ఆ తొందరనే కొందరు అమ్మకందారులు సొమ్ము చేసుకుంటున్నారు. తిరుపతిలో ఒక దుకాణంలో నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, దాన్ని నా ఫిర్యాదులో రాస్తాను. మోసం ఏ మాటలో దాగి ఉంటుందో తెలిస్తే ఏ ఊళ్లో, ఏ దుకాణంలోనైనా మీరే పట్టుకోగలరు.

నాకు కావలసిందేమిటో స్పష్టంగానే చెప్పాను. తలకోన జలపాతం దగ్గర బండల మధ్య నిలబడితే వెనక్కి జరగడానికి పెద్దగా చోటుండదు. అంత దగ్గర నుంచి నీటిధార, పక్కనున్న రాతిగోడ, కింది మడుగు అన్నీ ఒకే ఫొటోలోకి రావాలి. అందుకు ఏది సరిపోతుందని అడిగితే క్రాప్ సెన్సార్ (బొమ్మను పట్టుకునే లోపలి పలక చిన్నది) ఉన్న ఒక కెమెరా, దానికి 16-35 మి.మీ. లెన్స్ చూపించారు. “ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లంతా ఇదే వాడతారు మేడం” అన్నారు. క్రాప్ సెన్సార్ మీద వెడల్పు తగ్గిపోదా అని అడిగాను. “16 అంటే 16 మేడం, ఏ కెమెరాకు పెట్టినా 16” అని జవాబు. లెన్స్ ఒక్కదానికే 62,000 రూపాయలు తీసుకున్నారు. సరికొత్తదని, ఏడాది కంపెనీ వారంటీ ఉందని నమ్మబలికారు.

ఆ జవాబులో సగం నిజం ఉంది, మోసమంతా ఆ సగంలోనే ఉంది. లెన్స్ ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద మి.మీ.లలో రాసే అంకె, అది చిన్నదైన కొద్దీ వెడల్పు ఎక్కువ) మారదన్నది నిజమే. కానీ లెన్స్ వేసిన బొమ్మలో ఎంత భాగాన్ని కెమెరా తీసుకుంటుందన్నది సెన్సార్ మీద ఆధారపడి ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సార్ వెడల్పు 36 మి.మీ. నికాన్, సోనీ, ఫ్యూజీ క్రాప్ సెన్సార్ల వెడల్పు సుమారు 23.5 మి.మీ., కెనాన్‌ది ఇంకొంచెం తక్కువ. అంచుల్లో ఉన్నదంతా సెన్సార్ బయటే పడి పోతుంది. పెద్ద కిటికీ పెట్టించుకుని చెరో రెక్కా సగం మూసుకున్నట్లే.

లెక్క మీరే వేసుకోవచ్చు. సెన్సార్ వెడల్పును ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, దృశ్యం ఎంత దూరంలో ఉందో ఆ దూరంతో గుణించండి. 20 మీటర్ల దూరంలో ఉన్న రాతిగోడ అనుకుందాం. ఫుల్ ఫ్రేమ్ మీద 16 మి.మీ. లెన్స్ ఆ గోడలో 45 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. అదే లెన్స్ క్రాప్ కెమెరా మీద 29 మీటర్లే చూపిస్తుంది. ఇక కెమెరాతోపాటు వచ్చే మామూలు 18-55 కిట్ లెన్స్ సంగతి చూడండి. అది 18 మి.మీ. దగ్గర 26 మీటర్లు చూపిస్తుంది. అంటే కెమెరా పెట్టెలోనే వచ్చిన లెన్స్‌కంటే మూడు మీటర్లు ఎక్కువ చూడటానికి నా చేత 62,000 కట్టించారు! క్రాప్ కెమెరాకు నిజంగా వైడ్ కావాలంటే 10 మి.మీ. దగ్గర మొదలయ్యే లెన్స్ కావాలి. అది 47 మీటర్లు చూపిస్తుంది.

అలాంటివి దొరకనివేమీ కావు. లోపల అద్దం ఉండే కెనాన్ క్రాప్ డీఎస్ఎల్ఆర్‌లకు ఈఎఫ్-ఎస్ 10-18 ఉంది, మిర్రర్‌లెస్ (అద్దం లేని) ఆర్ కెమెరాలకు 2023లో ఆర్ఎఫ్-ఎస్ 10-18 వచ్చింది. నికాన్ డీఎక్స్ (క్రాప్) డీఎస్ఎల్ఆర్‌లకు ఏఎఫ్-పీ 10-20 ఉంది. సోనీ, ఫ్యూజీ వాడేవారికి సిగ్మా 10-18 ఉంది. ఇవన్నీ చిన్నవి, తేలికైనవి. శ్రీవారి మెట్టు ఎక్కుతూ మెడలో వేసుకున్నా బరువనిపించవు. 16-35 చాలా మంచి లెన్సే, దాని చోటు ఫుల్ ఫ్రేమ్ కెమెరా. క్రాప్ కెమెరా చేతికిచ్చి దాన్ని వైడ్ అని అమ్మడం మాత్రం అబద్ధమే, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

వెడల్పు సంగతి అలా ఉంచితే, లెన్స్‌లోనే లోపం ఉంది. దుకాణం లోపల తీసి చూపించిన ఫొటో కెమెరా వెనక తెర మీద చక్కగా ఉంది. అంత చిన్న తెర మీద ఏ ఫొటో అయినా చక్కగానే ఉంటుంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ప్రతి ఫొటోలో కుడి అంచు అలికినట్లు ఉంది. ఆకులు ఆకులుగా లేవు. అనుమానం తీర్చుకోవడానికి చంద్రగిరి వెళ్లి, మిట్టమధ్యాహ్నపు వెలుగులో రాజమహల్ ఎదురుగా నిలబడి, ఎఫ్ 8 (లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరవాలో చెప్పే అంకె) పెట్టి తీశాను. ఎడమ చివరి తోరణాల అంచులు గీత గీసినట్లు ఉన్నాయి, కుడి చివరివి మసకబారాయి. అప్పుడు కెమెరాను తలకిందులు చేసి అదే చోటు నుంచి మళ్లీ తీశాను. ఈసారి కుడి తోరణాలు బాగున్నాయి, ఎడమవి మసకబారాయి. నేను గోడకు సూటిగా నిలబడకపోవడమే కారణమైతే మసక కుడి తోరణాల మీదే ఉండిపోవాలి. కెమెరాతోపాటు అదీ తిరిగిందంటే తప్పు లెన్స్‌దే. లోపలి గాజు పలకల్లో ఒకటి తన స్థానం నుంచి పక్కకు జరిగి ఉంటుంది. దీన్నే డీసెంటరింగ్ అంటారు. వైడ్ లెన్స్‌లలో ఇది త్వరగా బయటపడుతుంది, ల్యాండ్‌స్కేప్‌కు ఇది పెద్ద శాపం. మనిషి ముఖం తీసేవారికి అంచు మసకైనా గడిచిపోతుంది. మనకు అంచు వరకూ ప్రతి రాయీ, ప్రతి కొమ్మా కావాలి.

ఈ పరీక్షకు చంద్రగిరి దాకా పోనక్కరలేదు. దుకాణం ఎదుటి భవనం చాలు. మీ మెమరీ కార్డు, వీలైతే ఒక ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. ఎఫ్ 8 దగ్గర నిటారుగా ఒకటి, తలకిందులుగా ఒకటి తీసి నాలుగు మూలలూ నూరు శాతం పెద్దవి చేసి చూడండి. ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని కూడా ఒకటి తీయండి, సెన్సార్ మీద దుమ్ము ఉంటే మచ్చలుగా కనిపిస్తుంది. దుకాణదారుడు బయట తీయనివ్వకపోతే అక్కడ కొనకండి, అంతే.

వారంటీ కథ ఇంకా ఘోరం. లెన్స్‌ను చెన్నైలోని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే సీరియల్ నంబర్ చూసి, ఇది మన దేశంలో అమ్మకానికి వచ్చిన సరుకు కాదు, ఇక్కడి వారంటీ వర్తించదు అన్నారు. పెట్టెలో ఉన్న కార్డు వేరే దేశానిది. బిల్లు వాట్సాప్‌లో పంపుతామని దుకాణంలో చెప్పారు. ఎన్నిసార్లో అడిగాక వచ్చింది ఒక ఎస్టిమేట్ చీటీ. అందులో “కెమెరా సెట్” అని ఒక ముక్క, కింద మొత్తం. సీరియల్ నంబర్ లేదు, జీఎస్టీ నంబర్ లేదు.

అందుకే పెట్టె మీద ముందు చూడవలసింది దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్న చీటీని. దిగుమతి చేసుకున్న వస్తువుల ప్యాకెట్ల మీద ఇవి తప్పనిసరిగా ఉండాలని 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెబుతున్నాయి. ఆ చీటీ లేదంటే సరుకు దొడ్డిదారిన వచ్చిందని అనుమానించండి. “బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం” అని ఎవరైనా అంటే, ఆ తగ్గింపు మీ వారంటీని, రేపు ఫిర్యాదు చేసే అవకాశాన్ని అమ్ముకుని ఇస్తున్నదని గుర్తుంచుకోండి. కెమెరాలకు, లెన్స్‌లకు జీఎస్టీ 18 శాతం, అది బిల్లులో విడిగా కనిపించాలి. జీఎస్టీ నంబర్‌లో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని సూచిస్తాయి: ఆంధ్రప్రదేశ్‌కు 37, తమిళనాడుకు 33, కర్ణాటకకు 29. మనవాళ్లు చెన్నైకో బెంగళూరుకో వెళ్లి కొనడం మామూలే కాబట్టి ఇది తెలిసి ఉండటం మంచిది. ఆ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే దుకాణం అసలు పేరు కనిపిస్తుంది. కెమెరాకూ లెన్స్‌కూ వేర్వేరుగా సీరియల్ నంబర్లు బిల్లులో రాయించుకోండి.

నేను మళ్లీ ఆ దుకాణానికి వెళ్లిన రోజు అక్కడ ఒక విద్యార్థికి “వైడ్ లెన్స్” అని చూపిస్తున్నది చూసి నా కడుపు మండింది. అది లెన్సే కాదు. 0.43ఎక్స్ అని రాసి ఉన్న గాజు ముక్క, కిట్ లెన్స్ ముందు ఫిల్టర్‌లాగా బిగించేది. వెడల్పు పెరుగుతుంది నిజమే, కానీ మూలలు నల్లబడతాయి, అంచులన్నీ కరిగిపోయినట్లు వస్తాయి. ఆ అబ్బాయిని బయటకు పిలిచి చెప్పాను. మీకూ ఎవరైనా చూపిస్తే ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

సెకండ్ హ్యాండ్ కొనేవారికి రెండు మాటలు. లెన్స్ వెనక నుంచి ఫోను టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది ఫంగస్. తేమలో, చీకటి బీరువాలో ఉంచిన లెన్స్‌లకు పడుతుంది. నికాన్ డీ3500, డీ5600 లాంటి కెమెరాల్లో ఫోకస్ మోటార్ ఉండదు, అది లెన్స్‌లోనే ఉండాలి. వాటికి టోకినా 11-16 మొదటి రకం అంటగడితే ఆటోఫోకస్ పనిచేయదు, మోటార్ ఉన్నది రెండో రకం. ఏఎఫ్-పీ లెన్స్‌లు డీ90 లాంటి పాత కెమెరాల మీద పనిచేయవు. కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్స్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు బిగియదు. “అన్నిటికీ పడుతుంది” అనే మాట వినగానే, మీ కెమెరాకే బిగించి చూపించమనండి.

కలిపి అంటగట్టే ఫిల్టర్లకు కూడా డబ్బు దండగ చేయకండి. జలపాతానికి పోలరైజర్ పనికొస్తుంది, తడి రాళ్ల మీద మెరుపు తగ్గిస్తుంది. కానీ దళసరి అంచున్నది వైడ్ లెన్స్‌కు పెడితే మూలలు నల్లబడతాయి. వైడ్‌లో నీలాకాశం ఒకచోట ముదురుగా, మరోచోట లేతగా వస్తుంది కూడా.

చివరికి దుకాణదారుడు లెన్స్ వెనక్కి తీసుకుని సగం ధరకు వేరే సరుకు ఇస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పాను, ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, కాబట్టి చెన్నైలో కొన్నవారు కూడా అక్కడికి తిరగనక్కరలేదు. కొన్న వస్తువుకు కట్టినది 5 లక్షల లోపైతే రుసుము లేదు. గడువు రెండేళ్లు. ఇలాంటి అనుభవమే ఎదురైనవారు ఆ పెట్టె, చీటీ, డబ్బు పంపిన యూపీఐ రసీదు, వాట్సాప్ సందేశాలు ఏవీ పారేయకండి, చెరపకండి. నా ఫిర్యాదు నిలబడుతున్నది వాటి మీదే.