ఆటోనగర్‌లో బొలెరోకి బాల్ జాయింట్లు వేయించాను, స్టీరింగ్ టైట్ అయిందని కంగారు పడకండి

విజయవాడ ఆటోనగర్‌లో స్టీరింగ్, సస్పెన్షన్ పనులు మాత్రమే చేసే షెడ్డు ఇది. బోర్డు లేదు, లోపలి వీధుల్లో బాల్ జాయింట్ల మేస్త్రి అని అడిగితే చూపిస్తారు. మాది పవర్ స్టీరింగ్ లేని పాత బొలెరో. గుంతలో పడితే ముందు నుంచి టక్ టక్ మని చప్పుడు, స్పీడులో బండి పక్కకి లాగడం. పైవీ కిందవీ కలిపి నాలుగు బాల్ జాయింట్లూ (ముందు చక్రాలని సస్పెన్షన్‌కి కలిపి, అటూ ఇటూ తిరగనిచ్చే కీళ్లు) పోయాయన్నారు, అన్నీ మార్పించాను.

పని నాకు చాలా నచ్చింది. మేస్త్రి పాత జాయింట్ చేతిలో పెట్టి చూపించాడు, దాని స్టడ్ (బయటికి ఉండే బోల్టు లాంటి కడ్డీ) అటూ ఇటూ వాలిపోతోంది. కొత్తది ఇచ్చి తిప్పమంటే నా బలమంతా పెట్టినా కొంచెం కదిలింది. లోపల బాల్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కప్పు కొత్తలో గట్టిగా పట్టి ఉంటుంది, అది రాసుకుని నునుపెక్కి గ్రీజు అంతటా పాకేదాకా అంతే, అలా నాలుగూ ఒకేసారి వేస్తే ఆ బరువంతా స్టీరింగ్ మీద తెలుస్తుంది అన్నాడు. ఇంకో విషయం, స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా అడ్డంగా వేసే పిన్ను) రంధ్రం నట్టు గాడికి కుదరట్లేదని కుర్రాడు నట్టు కొంచెం వెనక్కి తిప్పబోతే మేస్త్రి వెంటనే ఆపి, ఇంకాస్త బిగించి తర్వాతి గాడికి తెచ్చి పిన్ వేయించాడు. అలా చూసి చేసేవాళ్లు తక్కువ.

బయటికి రాగానే తేడా తెలిసింది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో తిప్పుతుంటే భుజాలు నొప్పి పుట్టాయి. కనకదుర్గ ఫ్లైఓవర్ మలుపు దాటాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకి రాలేదు, నేనే తిప్పాల్సి వచ్చింది. టెన్షన్ పడి తీసుకెళ్తే విసుక్కోకుండా బండిని జాకీ మీద ఎత్తి, స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే టై రాడ్ ఎండ్లు విప్పేశాడు. అప్పుడు స్టీరింగ్ తేలిగ్గా తిరిగింది, అంటే స్టీరింగ్ బాక్స్ బాగానే ఉంది. తర్వాత ముందు చక్రాన్ని చేత్తో అటూ ఇటూ మలిపి చూపించాడు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా బరువుగా ఉంది, మధ్యలో ఎక్కడా పట్టేయలేదు. "కొంచెం వదులు చేయండి" అని అడిగితే, "లూజు చేస్తే పాతదానికీ దీనికీ తేడా ఏముందండీ, కొన్ని వందల కిలోమీటర్లు తిరగనివ్వండి" అన్నాడు. గ్రీజు ఎక్కించే నిపుల్ ఉన్న రకం కాబట్టి రబ్బరు బూటు కొద్దిగా ఉబ్బేదాకా గ్రీజు కొట్టాడు, పగిలేదాకా కాదు. అన్నట్టే అయింది, ఇప్పుడు చప్పుడు లేదు, స్టీరింగ్ మలుపు తర్వాత దానంతట అదే వస్తోంది.

కానీ ఒకచోట పట్టేసినట్టు ఆగినా, అన్ని కిలోమీటర్లు తిరిగాక కూడా తగ్గకపోయినా ఊరుకోకండి, మళ్లీ చూపించండి.

లోపాలూ ఉన్నాయి. చక్రాల దిశ సరిచేసే అలైన్‌మెంట్ మిషన్ వాళ్ల దగ్గర లేదు, బయట చేయించుకోవాలి, ఈ పని తర్వాత అది తప్పనిసరి, లేకపోతే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. బిల్లు తెల్ల కాగితం మీద మొత్తం ఒకటే రాసిచ్చాడు, సామాను ఎంత, కూలి ఎంత అని నేనే అడిగి రాయించుకున్నాను. కూర్చోవడానికి నీడ లేదు. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం దాటితే లారీల పని మీద పడతారు, మన బండి చీకటి పడేదాకా జాకీ మీదే ఉంటుంది.