నరాలు చూపించే మిషన్: ఆర్నెల్లు వాడాక

పాలకొల్లు దగ్గర చిన్న ల్యాబ్ అండి మాది. పొద్దున్నే ఫాస్టింగ్ బ్లడ్ కోసం వచ్చేవాళ్ళలో సగం మంది షుగర్ వాళ్ళే, నరం దొరక్క రెండు మూడు సార్లు గుచ్చితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది కదా, అందుకని ఆన్‌లైన్‌లో 18,000 పోసి ఈ వెయిన్ ఫైండర్ తెప్పించాం. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు చేతి మీద వేస్తుంది, రక్తంలో హిమోగ్లోబిన్ దాన్ని పీల్చేసుకుంటుంది, చుట్టూ ఉన్న కండ వెనక్కి కొడుతుంది, కెమెరా ఆ తేడా పట్టుకుని ఆకుపచ్చ వెలుగులో నరాల్ని నల్ల గీతల్లా చేతి మీదే చూపిస్తుంది.

సన్నగా ఉన్నవాళ్ళకి సూపర్. కొంచెం ఒళ్ళున్నవాళ్ళకి మాత్రం తడి కాయితం మీద ఇంకు పాకినట్టు ఉంటుంది, లెన్స్ మీద దుమ్మేమో అని తుడిచా, రిటర్న్ కూడా పెట్టబోయా. మిషన్ తప్పు కాదది. మా తమ్ముడు భీమవరం అవతల రొయ్యల చెరువులో నీళ్ళు ఎంత మసకగా ఉన్నాయో చూడ్డానికి సెక్కీ డిస్క్ దించుతాడు, నలుపు తెలుపు పళ్ళెం, 30, 40 సెంటీమీటర్లు దిగేసరికి మాయం. పళ్ళెం అక్కడే ఉంది, కానీ తిరిగొచ్చే వెలుగు నీళ్ళలో తేలే ప్లాంక్టన్ అనే సన్నటి జీవాలకీ మట్టికీ తగిలి చెదిరిపోతుంది. చర్మం, కొవ్వు కూడా అంతే. సెల్ టార్చి మీద వేలు పెట్టి చూడండి, వేలంతా ఎర్రగా వెలుగుతుంది గానీ ఎముక నీడైనా కనపడదు. ఇన్‌ఫ్రారెడ్ తక్కువ చెదురుతుంది కాబట్టి కొన్ని మిల్లీమీటర్ల లోతు దాకా పనికొస్తుంది, నరం ఇంకా లోపలుంటే అంచు కరిగిపోయి, అసలు కంటే లావుగా కనపడుతుంది.

నా గొడవంతా ‘షార్ప్’ మోడ్‌తో. నొక్కితే ఆ పాకిన బొమ్మ కాస్తా బ్లేడుతో కోసినట్టు గీతైపోతుంది, చూడ్డానికి భలే ఉంటుంది, కానీ ఆ అంచు మిషన్ గీసింది, నరానిది కాదు. మొదటి వారమే ఓ మామ్మగారికి ఆ గీత నమ్మి గుచ్చా, సూది పక్కనుంచి పోయింది. "ఏవమ్మా, సినిమా చూపించి మరీ గుచ్చుతున్నావా" అన్నారావిడ. క్యూలో అందరూ నవ్వారు. "ఆ చెయ్యి కాదే, ఇటు చూడు, ఇక్కడ ఎప్పుడూ దొరుకుద్ది" అని రెండో చెయ్యి చాపారు, నిజంగానే దొరికింది.

ఇప్పుడు షార్ప్ ఆపేసే వాడుతున్నా. జానెడు ఎత్తులో నిటారుగా పట్టుకోవాలి, వాలిస్తే బొమ్మ నరం మీంచి పక్కకి జరిగిపోతుంది. గీతని వేలితో నొక్కి జరిపితే రక్తం పోయి గీత చెరగాలి, చెరగలేదంటే అది మచ్చో వెంట్రుకో. ఈ ముక్క మిషన్‌తో వచ్చిన పుస్తకంలో లేదు మరి.

3 స్టార్లు. ఒకటి ఛార్జర్ వైరు మూరెడే ఉన్నందుకు కోసేశా. మామ్మగారు మొన్న మళ్ళీ వచ్చారు, మిషన్ తీయకముందే ఆ చెయ్యే చాపేశారు.