వాచ్ విండోలో హెక్సా, డెసిమలా, బైనరీనా: ఏది మేలు?

ఎంబెడెడ్ పనిలోకి (పరికరాల లోపలి చిప్‌లకి ప్రోగ్రామ్ రాసే పనిలోకి) కొత్తగా వచ్చినవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. బ్రేక్‌పాయింట్ దగ్గర ప్రోగ్రామ్ ఆగాక, డీబగర్ విలువలు చూపించే వాచ్ విండోలో వేరియబుల్స్‌ని హెక్స్‌లో (0 నుంచి 9, తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా పదహారు అంకెల లెక్కలో) చూడాలా, మామూలు డెసిమల్‌లో చూడాలా? సందర్భాన్ని బట్టి అని చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఆ జవాబు పట్టుకుని ఎవరూ ఏ బగ్గునూ పట్టలేరు. నా మొగ్గు హెక్స్ వైపే. కారణం చెప్తాను, డెసిమల్ ఎక్కడ గెలుస్తుందో కూడా చెప్తాను.

ఈ మొగ్గు నాకు ఒక ఉష్ణోగ్రత సెన్సర్ దగ్గర ఏర్పడింది. అది ఐ టూ సీ బస్సు (చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల దారి) మీద ఉండే 12 బిట్ల సెన్సర్. ఒక్కో మెట్టు 0.0625 డిగ్రీలు. ఆ 12 బిట్లనూ 16 బిట్ల రిజిస్టర్‌లో ఎడమవైపుకి జరిపి, పై బైటును ముందు పంపుతుంది. నేను వచ్చిన రెండు బైట్లనూ నేరుగా ఒక 16 బిట్ల వేరియబుల్ చిరునామాలోకి చదివించాను. వాచ్ విండో డెసిమల్‌లో ఉంది. 25 అని కనబడింది. గదిలో నిజంగానే ఇంచుమించు అంతే వేడి ఉంది కాబట్టి డ్రైవర్ పనిచేస్తోందని నమ్మేశాను. కాసేపటికి 4121 వచ్చింది. తర్వాత 8217, మళ్లీ 25. వైర్లు వదులయ్యాయేమో అనుకున్నాను, పుల్‌అప్ రెసిస్టర్లు మార్చాను, బస్సు వేగం తగ్గించాను. సగం రోజు అలాగే గడిచిపోయింది.

చివరికి అదే వేరియబుల్‌ని హెక్స్‌లోకి మార్చి చూశాను. 0019, 1019, 2019. అంతే, జబ్బు బయటపడింది. కింది బైటు 19 కదలకుండా కూర్చుని ఉంది, పై బైటు మాత్రం 00, 10, 20 అంటూ మారుతోంది. మెల్లగా మారే కొలతలో కదలాల్సింది కింది బైటు, కుదురుగా ఉండాల్సింది పై బైటు. ఇక్కడ అంతా తలకిందులు. బైట్లు అటుదిటు అయ్యాయి. అసలు విలువలు 1900, 1910, 1920. అంటే 25, 25.0625, 25.125 డిగ్రీలు. సెన్సర్ పై బైటు ముందు పంపుతుంటే, లిటిల్ ఎండియన్‌లో (కింది బైటు ముందు అనే పద్ధతిలో) నడిచే కార్టెక్స్ ఎమ్ ప్రాసెసర్ మొదట వచ్చినదాన్ని కింది బైటుగా తీసుకుంది. దిద్దడానికి ఒక్క లైను సరిపోయింది.

మిగతా వాదనలన్నీ ఎలా ఉన్నా, నాకు తేల్చే అంశం ఇదే: హెక్స్‌లో రెండు అంకెలంటే కచ్చితంగా ఒక బైటు. ఒక బైటులో జరిగిన మార్పు ఆ రెండు అంకెల్లోనే ఆగిపోతుంది, పక్కదానికి అంటుకోదు. డెసిమల్‌లో ఆ గట్టు లేదు. పై బైటులో ఒక్క బిట్ మారితే సంఖ్య మొత్తం కదిలిపోతుంది, 25 కాస్తా 4121 అవుతుంది. ఆ రెండింటికీ ఉన్న చుట్టరికం డెసిమల్‌లో కంటికి ఆనదు. హెక్స్‌లో 0019 పక్కన 1019 పెడితే ఎవరికైనా తెలుస్తుంది.

ఎంబెడెడ్‌లో మనం చూసే విలువల్లో చాలా భాగం ఇలా ముక్కలు కలిపి కట్టినవే. కార్టెక్స్ ఎమ్3, ఎమ్4ల మీద హార్డ్ ఫాల్ట్ (ప్రాసెసర్ ముందుకు సాగలేని తప్పు) వచ్చి, కారణం చెప్పే ఫాల్ట్ స్టేటస్ రిజిస్టర్ తెరిస్తే 33280 అని కనబడిందనుకోండి, ఏమర్థమవుతుంది? అదే హెక్స్‌లో 8200. పైన 8 ఉంది కాబట్టి 15వ బిట్, పక్కన 2 ఉంది కాబట్టి 9వ బిట్. అంటే ప్రిసైజ్ బస్ ఫాల్ట్ (ఏ ఇన్‌స్ట్రక్షన్ వల్ల వచ్చిందో కచ్చితంగా తెలిసే మెమరీ తప్పు), తప్పు జరిగిన చిరునామా బస్ ఫాల్ట్ అడ్రస్ రిజిస్టర్‌లో భద్రంగా ఉంది, వెళ్లి చదువుకోవచ్చు. పాయింటర్ల సంగతీ అంతే. 536870912 అన్నది ఏ జ్ఞాపకాన్నీ కదిలించదు. అదే హెక్స్‌లో 20000000 చూడగానే అది ర్యామ్ మొదలని ఈ ప్రాసెసర్ల మీద పనిచేసేవాళ్లందరికీ తెలుసు, 40000000 నుంచి మొదలయ్యేవి పెరిఫెరల్స్ (టైమర్లు, పోర్టుల్లాంటి చిప్ లోపలి భాగాలు) అనీ తెలుసు. పాయింటర్ ఫ్లాష్‌లోకి చూస్తోందా, ర్యామ్‌లోకా, ఎటూ కాని చోటుకా అన్నది మొదటి అంకెల్లోనే తేలిపోతుంది.

డీఎస్1307 లాంటి గడియారం చిప్ ఇంకా ముచ్చటైన ఉదాహరణ. అది సెకన్లను బీసీడీలో, అంటే ఒక్కో డెసిమల్ అంకెకి నాలుగు బిట్ల చొప్పున దాస్తుంది. 59వ సెకను డెసిమల్ వాచ్‌లో 89గా కనబడి కంగారు పెడుతుంది, హెక్స్‌లో మాత్రం ఉన్నదున్నట్టు 59 అని చదువుకోవచ్చు. అదే రిజిస్టర్‌లో 80 కనబడితే గడియారం ఆగి ఉందని అర్థం, ఎందుకంటే ఆపేసే బిట్ అక్కడే 7వ స్థానంలో ఉంది. ఫ్రీఆర్‌టాస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో టాస్కుల స్టాక్‌ని నింపే ఏ5 గుర్తు కూడా ఇంతే. హెక్స్‌లో ఏ5ఏ5ఏ5ఏ5 వరసగా కనబడితే ఇక్కడిదాకా స్టాక్ వాడలేదని చెప్పేయొచ్చు. 2779096485 చూసి ఎవరూ చెప్పలేరు. సైన్ (ప్లస్, మైనస్ గుర్తు) ఉన్న టైపైతే అది మైనస్ 1515870811 అవుతుంది, ఇంకా అయోమయం.

ఇక డెసిమల్ గెలిచే చోటు. ముక్కలుగా విడదీస్తే అర్థం లేని, మొత్తంగా ఒక పరిమాణమైన విలువ ఏదైనా డెసిమల్‌లోనే చూడాలి. మిల్లీసెకన్లు, లూప్ కౌంటర్లు, ఎన్‌కోడర్ లెక్కలు, ముఖ్యంగా కంట్రోల్ లూప్‌లో ఎర్రర్ విలువ. సున్నాకి అటూ ఇటూ ఊగే ఎర్రర్‌ని హెక్స్‌లో చూడటం శిక్షే. 0003 తర్వాత ఎఫ్ఎఫ్ఎఫ్‌డీ వస్తే అది 3 నుంచి మైనస్ 3కి వచ్చిన చిన్న కదలికని మనసు ఒప్పుకోదు. రెండు వాచ్ విండోలు ఉంటే ఇలాంటివన్నీ రెండోదాంట్లో పెట్టి డెసిమల్‌కి వదిలేయడం నా అలవాటు.

డెసిమల్‌లో ఇంకో చిక్కు సైన్. అవే బిట్లు ఒక టైపులో 65531, ఇంకో టైపులో మైనస్ 5. వేరియబుల్‌ని తప్పు టైపుతో ప్రకటించి ఉంటే డీబగర్ ఆ తప్పునే నమ్మి చూపిస్తుంది. హెక్స్‌లో టైపు ఏదైనా ఎఫ్ఎఫ్ఎఫ్‌బీ అనే ఉంటుంది. మెమరీలో ఏముందో అది.

హెక్స్‌కీ ఒక లోపం ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. జీడీబీ అనే డీబగర్‌లో పీ/ఎక్స్ (హెక్స్‌లో చూపించు) అని అడిగితే ముందున్న సున్నాలు తీసేసి చూపిస్తుంది. 0019 అన్నది 19 అయిపోతుంది. నేను పైన పొగిడిన బైటు గట్టు అక్కడే తెగిపోతుంది, విలువ 8 బిట్లదా, 32 బిట్లదా తెలియదు. అలాంటప్పుడు పీ/జెడ్ వాడండి, టైపు వెడల్పు మేరకు సున్నాలు నింపి చూపిస్తుంది. నా సెన్సర్ కథలో సున్నాలు కనబడకపోయి ఉంటే బహుశా ఇంకో గంట పట్టేది.

బైనరీ విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినం. 8 బిట్ల ఫ్లాగుల వేరియబుల్‌కి బాగుంటుంది. 32 బిట్లకి వెళ్తే అది కంటికి పరీక్ష, 17వ బిట్టా 18వదా అని వేలితో లెక్కపెట్టుకోవాలి. జీడీబీలో బైనరీ చూపించే పీ/టీ కూడా ముందు సున్నాలు తీసేస్తుంది కాబట్టి ఎడమ నుంచి లెక్కపెట్టడం కుదరదు. నాలుగు బిట్లకో హెక్స్ అంకె చొప్పున మనసులోనే విప్పుకోవడం వారంలో అలవాటైపోతుంది. పెరిఫెరల్ రిజిస్టర్లకైతే ఎస్‌వీడీ ఫైలు (చిప్ రిజిస్టర్ల వివరాలుండే ఫైలు) ఎక్కించుకుంటే డీబగరే ఫీల్డు ఫీల్డుగా పేర్లతో విడదీసి చూపిస్తుంది, అక్కడ బైనరీతో పనే లేదు.

ఆక్టల్ వద్దు. మూడు బిట్లకో అంకె, బైటుకి ఎనిమిది బిట్లు, రెండూ కలవవు.

ఈనమ్ (విలువలకి పేర్లు పెట్టిన టైపు) వేరియబుల్స్‌ని డిఫాల్ట్‌లోనే ఉంచండి, స్టేట్ పేరు కనబడుతుంది. ఫ్లోట్‌ని (దశాంశ బిందువున్న సంఖ్యని) ఫ్లోట్‌గానే చూడండి. కాకపోతే మెమరీ విండోలో 3ఎఫ్800000 కనబడితే అది 1.0 అని, 40000000 కనబడితే అది పెరిఫెరల్ చిరునామానే కానక్కర్లేదు, 2.0 కూడా కావచ్చని గుర్తుంటే మేలు. ఫ్లోట్ మీద పీ/ఎక్స్ అడిగినప్పుడు పాత జీడీబీ ముందు పూర్ణసంఖ్యగా మార్చి ఆపైన హెక్స్ చూపించేది, కొత్తవి అసలు బిట్లు చూపిస్తాయి. రెండు మెషీన్ల మీద రెండు జవాబులు వస్తే కారణం ఇదే కావచ్చు.

చివరిగా సెట్టింగ్ ఎక్కడ పెట్టాలన్నది. ఐఏఆర్ డీబగర్‌లోనూ, ఎక్లిప్స్ ఆధారిత డీబగర్లలోనూ ఒక్కో వేరియబుల్‌కి విడిగా ఫార్మాట్ ఎంచుకోవచ్చు, కుడి క్లిక్ చేస్తే చాలు. వీలున్నచోట అలాగే చేయండి. జీడీబీలో మొత్తానికి హెక్స్ కావాలంటే సెట్ అవుట్‌పుట్ రాడిక్స్ 16 అని ఇవ్వండి. అవుట్‌పుట్ అన్న మాట వదిలేసి ఉత్త సెట్ రాడిక్స్ 16 అని మాత్రం ఇవ్వకండి. అది మీరు టైపు చేసే సంఖ్యల్ని కూడా హెక్స్‌గా తీసుకుంటుంది. ఆ తర్వాత బఫర్‌లో 10వ మూలకం అడిగితే 16వది చూపిస్తుంది, అక్కడ కనబడిన విలువ చూసి మంచి కోడ్‌ని అనుమానించడం మొదలుపెడతారు.