మా కాలనీ ప్లే స్కూలు, లాక్‌డౌన్‌లో మా బాబును చూసుకున్న తీరు

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు చిన్న పిల్లల్ని ఎక్కడ వేయాలని చాలామంది అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను. ఇది ఒక ఇంటి గ్రౌండ్ ఫ్లోర్‌లో నడిచే చిన్న స్కూలు, నర్సరీ నుంచి యూకేజీ వరకు, డేకేర్ కూడా ఉంది. మేము చేరినప్పుడు పందొమ్మిది మంది పిల్లలు, స్కూలు నడిపే మేడమ్, ఇంకో టీచర్, ఇద్దరు ఆయాలు. ఏసీ లేదు, బొమ్మలు పాతవే. మేడమ్ ఎలాంటి మనిషో నాకు 2020లో తెలిసింది.

బాబుకి అప్పుడు మూడేళ్లు. మార్చి 16న స్కూళ్లు మూసేశారు, వారం తిరక్కుండానే లాక్‌డౌన్. నాది బ్యాంకు ఉద్యోగం, సెలవు లేదు, వాడు రోజంతా అత్తయ్య దగ్గరే. మా అక్క కూతురు వెళ్లే పెద్ద ప్రీస్కూల్లో రోజూ రెండు గంటల ఆన్‌లైన్ క్లాసు పెట్టి ఫీజు మొత్తం కట్టించుకున్నారు, పాప ఫోన్ ముందు కూర్చోలేక ఏడ్చేది. మా మేడమ్ మాత్రం మొదట్లోనే అందరికీ ఫోన్ చేసి, "ఇంత చిన్నపిల్లలకి ఫోన్లో స్కూలు నడపడం నావల్ల కాదమ్మా, ఇంట్లో ఉన్నవాటితో ఏం చేయించాలో చెబుతాను" అన్నారు. జూలైలో ఆన్‌లైన్ చదువుల మీద కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాల్లో ప్రీ ప్రైమరీకి రోజుకి అరగంట మించొద్దని, అదీ తల్లిదండ్రులతో మాట్లాడటానికేనని చెప్పారు. ఆవిడ అప్పటికి మూడు నెలలుగా చేస్తున్నది అదే.

రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చేది, అచ్చ తెలుగులో, అత్తయ్యకి అర్థమయ్యేలా. "నానమ్మగారూ, ఇవాళ చింతపిక్కలు గిన్నెలో పోసి ఐదైదు లెక్కపెట్టించండి." ఇంకోరోజు చిక్కుడుకాయలు వలిపించమని, చపాతీ పిండి ముద్ద ఇచ్చి పాములు చేయించమని, ఆరిన బట్టల్లోంచి సాక్సులు జత కలిపించమని. వేళ్లకి బలం వస్తే పెన్సిల్ పట్టుకోవడం కష్టం కాదనేవారు. వారానికి రెండుసార్లు వీడియో కాల్, ఒక్కో పిల్లాడితో పది నిమిషాలు, అంతే. ఒకరోజు మావాడు పది నిమిషాలూ గోడ మీద పిల్లి గురించే చెప్పాడు, ఆవిడ ఓపిగ్గా విన్నారు. మొదట్లో "ఇదేం చదువే" అన్న అత్తయ్య తర్వాత మెసేజ్ రావడం ఆలస్యమైతే కంగారు పడేవారు.

ఫీజు నెలకి 2,500 ఉండేది, 800 చాలన్నారు. ఆ డబ్బు ఇంటి అద్దెకి, ఆయాల జీతాలకేనని దాచకుండా చెప్పారు, ఇవ్వలేనివాళ్లని తర్వాత ఇమ్మన్నారు. ఇద్దరు ఆయాల్నీ తీసేయలేదు. మా చుట్టుపక్కల ఆ ఏడాదే రెండు ప్లే స్కూళ్ల బోర్డులు తీసేశారు, ఇది నిలబడటం వెనక ఆవిడ ఎంత మోశారో నేను దగ్గరుండి చూశాను.

2021 సెప్టెంబర్ 1న స్కూళ్లు తెరిచారు. ఆరుగురు చొప్పున బ్యాచ్‌లు, ఎక్కువసేపు వరండాలోనే. ఐదేళ్లలోపు పిల్లలకి మాస్కు బలవంతం చేయలేదు, డాక్టర్లు కూడా అదే చెప్పారు కదా. టీచర్లకి మాత్రం తప్పనిసరి. మాస్కులో మేడమ్‌ని మావాడు పోల్చుకోలేక నా కొంగు పట్టుకుని ఏడిస్తే, ఆవిడ గేటుకి అవతల దూరంగా నిలబడి, ఒక్క నిమిషం మాస్కు దించి నవ్వి, మళ్లీ పెట్టుకుని దగ్గరికొచ్చారు. వాడు లోపలికెళ్లాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. బ్యాచ్ రెండు గంటలే కావడంతో ఉద్యోగాలు చేసే మాలాంటివాళ్లకి చాలా కష్టమైంది, డేకేర్ మళ్లీ చాలా ఆలస్యంగా మొదలుపెట్టారు, ఆ తేదీ కూడా రెండుసార్లు మార్చారు. ముందే గట్టిగా చెప్పి ఉంటే మేం వేరే ఏర్పాటు చేసుకునేవాళ్లం. వాట్సాప్ గ్రూపులో పేరెంట్స్ పెట్టే వీడియోల మధ్య అసలు మెసేజ్ వెతుక్కోవాల్సి వచ్చేది.

ఇప్పుడు మా పాప కూడా అక్కడికే వెళ్తోంది. సీట్లు తక్కువ, మే నెలలోనే వెళ్లి అడగండి. పొద్దున పిల్లల్ని దింపే టైములో కాకుండా పదకొండు తర్వాత వెళ్తే మేడమ్ కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడతారు.