గల్ఫ్‌లో మనవాడు చిక్కుకుంటే: ఎమ్మెల్యేనా, ఎంపీనా, మదద్ నంబరా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఏ ఇంటికైనా కువైట్ నుంచో సౌదీ నుంచో చెడ్డ ఫోను వస్తే ముందు పరుగెత్తేది ఎమ్మెల్యే గారింటికే. ఆయన దగ్గర మనిషి, తెలుగులో చెప్పుకోవచ్చు, ఒక ఉత్తరం రాసిస్తారు. ఆ ఉత్తరాన్ని నమ్ముకుని వారం పోగొట్టుకోవడమే అసలు నష్టం.

విదేశీ వ్యవహారాలు, వలస, పాస్‌పోర్టు అన్నీ కేంద్రం జాబితాలోవి. ఎమ్మెల్యే అసెంబ్లీలో అడిగినా, కేంద్రానికి రాస్తామన్నదే వచ్చే జవాబు. అందుకని మొదటి రోజే చేయాల్సింది మదద్‌లో ఫిర్యాదు. విదేశాంగ శాఖ 2015లో పెట్టిన పోర్టల్ ఇది, సిఫారసు అక్కర్లేదు. పాస్‌పోర్టు నకలు, ఆకామా (అక్కడి నివాస అనుమతి కార్డు) లేదా వీసా, కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) పేరు, ఫోను, కంపెనీ ఊరు, జీతం ఆగిన నెలలు, మనిషి దొరికే నంబరు దగ్గర పెట్టుకోండి. చేతకాకపోతే 1800 11 3090కి ఫోను చేసి దారి అడగండి.

ఫిర్యాదులు ఎక్కడ చెడతాయంటే, "మావాడిని కాపాడండి" అని రాసి ఊరుకున్నచోట. జీతం కావాలా, ఎగ్జిట్ (ఆ దేశం విడిచి వచ్చే అనుమతి) కావాలా, పాస్‌పోర్టు తిరిగి ఇప్పించాలా, తేల్చి రాయాలి. జీతం కేసు వేయకుండా ఇంటికి వచ్చేస్తే ఆ బాకీ రాబట్టడం చాలా కష్టం. తప్పనిసరై రావలసి వస్తే, కేసు నడిపే అధికారం అక్కడ ఎవరికి ఇవ్వాలో ఎంబసీని అడిగి, ఆ కాగితం పూర్తి చేసుకునే బయల్దేరాలి. సౌదీలో కఫీల్ హురూబ్ పెట్టేస్తే, అంటే పారిపోయాడని నమోదు చేయిస్తే, ఇక్కడి నాయకుల ఉత్తరంతో అది పోదు. ఎంబసీ అక్కడి కార్మిక శాఖతో మాట్లాడాలి.

మరి ఎంపీ? మదద్‌లో ఇచ్చిన ఫిర్యాదు నంబరు చేతిలో ఉంటే ఆయన ఉత్తరానికి బలం వస్తుంది. నంబరు లేని ఉత్తరం ఏ ఫైలుకూ అతకదు. పర్లాకిమిడి, మోహన వాళ్లు బరంపురం ఎంపీ దగ్గరికి, గుణుపురం, రాయగడ వాళ్లు కోరాపుట్ ఎంపీ దగ్గరికి వెళ్లాలి. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి, అదీ సమావేశాలున్నప్పుడే. ఒక్క మనిషి కేసుకు అది పనికిరాదు. ఒకే ఏజెంటు పదిమందిని ముంచినప్పుడు పనికొస్తుంది. ఎంపీ నిధులతో టికెట్టు కొనిమ్మని అడగకండి, నిబంధన ఒప్పుకోదు. నిజంగా దిక్కులేనివాళ్లకు ఎంబసీ దగ్గర భారతీయ సముదాయ సంక్షేమ నిధి ఉంది, దాన్నుంచి అడగాలి.

బరంపురంలో పుట్టిన వి.వి. గిరి 1947 నుంచి 1951 దాకా సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంక) మన హైకమిషనర్. తోటల్లోని భారతీయ కూలీల పౌరసత్వం గొడవ రేగిన కాలమది. ఈ గడ్డ నాయకులకు విదేశీ వ్యవహారమంటే కూలీల బతుకే అని గుర్తుండాలి. యుద్ధం మీద ప్రకటన ఇచ్చినంత మాత్రాన సరిపోదు. 2023లో సూడాన్‌కు ఆపరేషన్ కావేరి, 2025లో ఇరాన్, ఇజ్రాయెల్‌లకు ఆపరేషన్ సింధు అని మనవాళ్లను వెనక్కి తెచ్చే పని నడిచినప్పుడు ముందు పట్టించుకోవలసింది ఎంబసీ దగ్గర పేరు నమోదు. మనవాళ్ల పేర్లు అక్కడ చేరాయా అని నాయకుడు కనుక్కోవాలి.

ఎమ్మెల్యే నిజంగా అక్కరకొచ్చే చోటు పోలీసు స్టేషను. డబ్బు బరంపురంలో ఇచ్చారు, ఏజెంటు ఆంధ్రలోని ఇచ్ఛాపురం వాడు. "మా హద్దు కాదు" అని రెండు చోట్లా తిప్పుతారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఎమ్మెల్యే గారి చేత ఆ సెక్షన్ పేరెత్తి ఎస్పీకి ఫోను చేయించండి. ఏజెంటు లైసెన్సు ఈ-మైగ్రేట్‌లో, అంటే విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన వెబ్‌సైటులో చూడండి. లైసెన్సున్న ఏజెంటు సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించకూడదు. కట్టిన రసీదు, ఫోన్‌పే చిత్రం ఫిర్యాదుకు జతచేయండి.

మరణం సంభవిస్తే మదద్, ఎంపీ, ఎమ్మెల్యే మూడు తలుపులూ ఒకే రోజు తట్టాలి. ఈ-మైగ్రేట్ ద్వారా వెళ్లినవాడికి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాద మరణానికి 10 లక్షలు. విజిట్ వీసా మీద పంపిన మనిషికి ఆ బీమా ఉండదు. బాకీ జీతం రావాలన్నా వారసుల సర్టిఫికెట్ కావాలి. తహసీలు ఆఫీసులో అది ఆగిపోకుండా చూడటం మాత్రం ఎమ్మెల్యే గారి చేతిలో పనే.