తిరుపతిని చదవాలంటే: శాసనాలా, గంగజాతరా?

ఎండలు ముదిరాయంటే పీజీ పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "సార్, మన ఊరి సమాజం మీద ప్రాజెక్టు రాయాలి. గంగజాతర తీసుకోమంటారా, శాసనాలా?" అడిగేటప్పటికే చాలామంది మనసు జాతర మీద ఉంటుంది. శాసనాలంటే రాజుల గొప్పలు, జాతరంటే జనం అని వాళ్ల లెక్క.

జాతర బలం తక్కువేం కాదు. మన గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకున్న ఇంట్లో, గడప దగ్గర తల్లి తన మీసాల కొడుక్కి చీర కుచ్చిళ్లు సర్ది, సవరం కట్టి, కాటుక దిద్దుతుంది. వాడు సిగ్గుపడడు, వీధిలో ఎవరూ నవ్వరు. ఈ వేషాల వెనక ఒక కథ ఉంది: ఆడవాళ్లను చెరబట్టి దాక్కున్న పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ బైరాగి వేషం కట్టింది, బండ వేషం కట్టింది, తోటి వేషం కట్టింది. వాడు బయటికి రాలేదు. దొర వేషం కట్టాకే వచ్చాడు. దొరకు తప్ప ఎవరికీ తల వంచని పెత్తనం ఎలాంటిదో ఈ ఒక్క మలుపు చెబుతుంది. కానీ ఏ పాలెగాడు, ఏ కాలం అని అడిగితే ఇంటికో కథ. చివరికి ప్రాజెక్టు ఫొటోల ఆల్బమ్ అయిపోతుంది.

నా ఓటు శాసనాలకే. ఎవరు ఇచ్చారు, అది ఎక్కడికి పోయింది, చివరికి ఎవరు తిన్నారు? సమాజాన్ని చదవడానికి నాకు ఇంతకు మించిన ప్రశ్న లేదు. దానికి జవాబు తిరుమల గుడి గోడల మీదే ఉంది. 966లో సామవై అనే పల్లవ రాణి వెండి విగ్రహం, భూమి ఇచ్చిన సంగతి అందరూ చెబుతారు. విజయనగర కాలపు శాసనాలు అంతకంటే లోతుగా ఉంటాయి. దాత శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో, డబ్బు కడతాడు. ఆ డబ్బుతో గుడికి చెందిన పల్లెల్లో చెరువులు, కాలువలు బాగుచేస్తారు. పెరిగిన పంటలోంచి స్వామికి నైవేద్యం. నివేదించిన ప్రసాదంలో దాతకు సాధారణంగా నాలుగో వంతు, దాని పేరు 'విట్టవన్ విళుక్కాడు'. ఆ వంతును అతను ఇంకొకరికి రాసివ్వొచ్చు. విజయనగర రాజు సాళువ నరసింహుడి కాలంలో కందాడై రామానుజ అయ్యంగార్ తన వంతును రామానుజకూటం అనే అన్నసత్రంలోని సాత్తాద శ్రీవైష్ణవ శిష్యులకు, అంటే జంధ్యం వేసుకోని బ్రాహ్మణేతర వైష్ణవులకు, ఇచ్చాడు. బ్రాహ్మణేతరులకు గుడి మర్యాదలో చోటు ఎలా దొరికిందో పిడికెడు అన్నం లెక్కలో తెలిసిపోతుంది!

లోటు లేదా అంటే ఉంది. కాలువ తవ్విన కూలీ పేరు ఆ రాళ్ల మీద వెతికినా దొరకదు. నన్ను బాధపెట్టేది అదే. జాతరలో ఆ కూలీ మనవలు వేషం కట్టి నడివీధిలో నిలబడతారు.

చంద్రగిరి కోట, శ్రీకాళహస్తి కలంకారీ గురించీ అడుగుతారు. చూసి రండి, ప్రాజెక్టుకు చాలవు. కథకుడు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కతలు మాత్రం ఏది ఎంచుకున్నా పక్కన పెట్టుకోండి, మన పల్లె నోటిమాట అక్కడుంది.

మొన్న వచ్చిన అమ్మాయి శాసనాలు ఎక్కువగా తమిళంలో ఉన్నాయని జంకింది. దేవస్థానం అచ్చువేసిన సంపుటాల్లో ఇంగ్లీషు అనువాదం ఉందని చూపించాను. ఇప్పుడు కాలువలు తవ్విన పల్లెల పేర్లు రాసుకుంటోంది. జాతరకూ రమ్మన్నాను. దొర వేషం నాడు నోటుబుక్కు ఇంట్లో పెట్టి రమ్మన్నాను.