లీనియర్ ఆల్జీబ్రానా, ప్రాబబిలిటీనా, న్యూమరికల్ మెథడ్సా: ఏది మేలు?

సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు మూడో సెమిస్టర్‌కి ముందు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. "అక్కా, మూడు మ్యాథ్స్ పేపర్లు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు, ఏది ఈజీ?"

ఈజీ కావాలంటే న్యూమరికల్ మెథడ్స్ (జవాబుకి అంచెలంచెలుగా అంకెలతో దగ్గరయ్యే పద్ధతులు). కానీ కంప్యూటర్ సైన్స్, ఐటీ, ఈసీఈ వాళ్లకి నేను చెప్పేది ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ తీసుకోమని. మెకానికల్, సివిల్ వాళ్ల సంగతి వేరు.

న్యూమరికల్ మెథడ్స్‌ని అందరూ మార్కుల కోసం తీసుకుంటారు, నేనూ అందుకే తీసుకున్నాను, మార్కులూ బాగానే వచ్చాయి. సూత్రం గుర్తుండి క్యాలిక్యులేటర్ చేతిలో ఉంటే పదహారు మార్కుల ప్రశ్న కూడా సాఫీగా అయిపోతుంది. రెండుకి వర్గమూలం కావాలనుకోండి, న్యూటన్-రాఫ్సన్ పద్ధతిలో 1.5తో మొదలుపెడితే ఒక అడుగుకే 1.4167 వస్తుంది, ఇంకో అడుగుకి 1.414216, అసలు విలువేమో 1.414214. అరియర్ అంటే (మన వైపు బ్యాక్‌లాగ్ అంటాం) హడలిపోయేవాళ్లకి ఈ పేపర్ ధైర్యంగా ఉంటుంది. అలాగని దీన్ని తీసిపారేయకండి. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో పేట్రియట్ క్షిపణి వ్యవస్థ ఎదురొస్తున్న ఇరాక్ స్కడ్ క్షిపణిని పట్టుకోలేకపోయి 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. 0.1 సెకనుని కంప్యూటర్ వాడే బైనరీలో (0, 1 అంకెలతో) పూర్తిగా రాయడం కుదరదు, ఎక్కడో ఒకచోట కత్తిరించాలి, ఆ కత్తిరించిన ముక్క 100 గంటల పాటు పోగుపడి లోపలి గడియారంలో దాదాపు మూడో వంతు సెకను తేడా తెచ్చింది, దాంతో స్కడ్ ఎక్కడుందో లెక్క తప్పింది. మెకానికల్, సివిల్ వాళ్లు రేపు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెని నమ్మి బీమ్ కట్టాలి, కాబట్టి ఆ అంకె ఎలా వస్తుందో తెలియాలి. వాళ్ల గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) సిలబస్‌లో ఇది ఉంది కూడా. కంప్యూటర్ సైన్స్ గేట్‌లో లేదు, అక్కడ డిస్క్రీట్ మ్యాథ్స్, లీనియర్ ఆల్జీబ్రా, కాల్క్యులస్, ప్రాబబిలిటీ ఉంటాయి.

అసలు పోటీ మిగిలిన రెండింటి మధ్యే.

లీనియర్ ఆల్జీబ్రా అంటే నాకు చాలా ఇష్టం. ఇంటర్ 1ఏలో మాత్రికలు, క్రేమర్ పద్ధతి, ర్యాంకు యాంత్రికంగా చేసుకుంటూ పోయాం కదా, వాటి వెనకున్న బొమ్మ ఇక్కడ కనపడుతుంది. 1998లో గూగుల్ వాళ్లు లారీ పేజ్, సెర్గే బ్రిన్ వెబ్ పేజీలకి ర్యాంకు ఇచ్చిన పద్ధతి అడుగున ఉన్నది ఐగెన్ వెక్టరే (మాత్రికతో గుణించినా తన గీత మీదే ఉండే వెక్టర్). వెయ్యికి వెయ్యి పిక్సెళ్ల బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో పది లక్షల అంకెలుంటాయి, సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్ చేసి (అంటే ఆ అంకెల పట్టికని పొరలుగా విడగొట్టి) పెద్ద పొరలు ఓ 50 మాత్రం ఉంచుకుంటే లక్ష అంకెలతో సరిపెట్టొచ్చు, చాలా ఫొటోలు అప్పటికీ గుర్తుపట్టేలాగే ఉంటాయి. మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్లాలంటే ఇది లేకుండా కుదరదు.

మరి ఇంత చెప్పి ప్రాబబిలిటీ తీసుకోమంటున్నానేంటి అంటారా. లీనియర్ ఆల్జీబ్రాని మీరు సొంతంగా నేర్చుకోగలరు, ప్రొఫెసర్ గిల్బర్ట్ స్ట్రాంగ్ అమెరికాలోని ఎంఐటీలో చెప్పిన పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) కూడా కోర్సులున్నాయి. పైగా లెక్క తప్పితే మీకే తెలిసిపోతుంది, వచ్చిన జవాబుని సమీకరణంలో పెట్టి చూసుకుంటే చాలు. న్యూమరికల్‌లోనూ అంతే, విలువ ఒకచోట కుదురుకోకపోతే ఎక్కడో ఏదో తేడా ఉందని అర్థం. ప్రాబబిలిటీలో అలా కాదు, తప్పు జవాబు కూడా చూడ్డానికి అచ్చం ఒప్పులాగే ఉంటుంది.

ఇది చూడండి. వెయ్యి మందిలో ఒకరికి ఉండే జబ్బు, నూటికి 99 సార్లు సరిగ్గా చెప్పే టెస్టు, మీకు పాజిటివ్ వచ్చింది. జబ్బు ఉండే అవకాశం ఎంత? క్లాసులో అడిగితే అందరూ 99 శాతం అంటారు. లెక్కపెట్టండి: వెయ్యి మందిలో నిజంగా జబ్బున్నది ఒక్కరికి, మిగతా 999 మంది ఆరోగ్యంగానే ఉన్నా వాళ్లలో దాదాపు పదిమందికి టెస్టు తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. అంటే పదకొండు పాజిటివ్‌లలో అసలుది ఒకటి, దాదాపు 9 శాతం. 99 అనుకున్నవాడికి నువ్వు తప్పు అని ఏ క్యాలిక్యులేటరూ చెప్పదు. పక్కన మాస్టారో, వాదించే ఫ్రెండో ఉండాలి. ఉద్యోగంలో చేరాక నాకు తెలిసొచ్చింది ఇదే. చెన్నై ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు ఒక్కదాన్నే కూర్చుని కండిషనల్ ప్రాబబిలిటీ (ఒకటి జరిగిందని తెలిశాక ఇంకోటి జరిగే అవకాశం) చదివేదాన్ని, అర్థమైందనుకున్న ప్రతిదీ మర్నాడు టీమ్‌లో ఎవరో ఒకరు అడిగిన చిన్న ప్రశ్నకి కూలిపోయేది. క్లాసులో ఉండగా నేర్చుకోవాల్సింది అని ఇప్పటికీ బాధ.

పైగా ఇది మనవాళ్లు వెలిగిన సబ్జెక్టు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎంఏ చేసినవారు, అంచనాల కచ్చితత్వానికి పరిమితి చెప్పే క్రేమర్-రావు హద్దు 1945 నాటి ఆయన పేపర్‌లోదే (మన 1ఏ క్రేమర్ వేరు, ఈ క్రేమర్ వేరు). 2007లో గణితంలో పెద్ద పురస్కారమైన ఏబెల్ బహుమతి అందుకున్న ఎస్.ఆర్.శ్రీనివాస వరదన్ పుట్టింది ఈ చెన్నైలోనే, చదివింది మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీలో, బహుమతి వచ్చింది ప్రాబబిలిటీకి.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి, ఈ పేపర్‌లో మార్కులు కాస్త తగ్గొచ్చు. ప్రశ్న చదివి ఇక్కడ వాడాల్సిన డిస్ట్రిబ్యూషన్ (విలువలు ఎలా పరుచుకుంటాయో చెప్పే నమూనా) బైనామియలా, పాయిసానా, నార్మలా అని తేల్చుకోవడంలోనే సగం మంది తడబడతారు. సీజీపీఏ అంచు మీద ఉండి, ప్లేస్‌మెంట్ కటాఫ్ దాటడమే ముఖ్యమైతే న్యూమరికల్ తీసుకోండి, అందులో తప్పేం లేదు, ప్రాబబిలిటీని ఎన్‌పీటీఈఎల్ కోర్సుగా చేయండి. కానీ ఒంటరిగా చదవకుండా ఇద్దరు ముగ్గురు కలిసి చదవండి.

తీసుకునేవాళ్లు ఈసారి ఊరెళ్లినప్పుడు అటక మీదున్న ఇంటర్ 2ఏ పుస్తకం తెచ్చుకోండి. సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు అని రెండు చాప్టర్లున్నాయి, పైన జబ్బు టెస్టు లెక్క వెనకున్న బేయ్స్ సిద్ధాంతం అందులోనే ఉంది. మొదటి ఇంటర్నల్ లోపు ఆ రెండూ మళ్లీ చేయండి, సూళ్లూరుపేట లోకల్ రైల్లో కూర్చుంటే చెన్నై సెంట్రల్ వచ్చేలోపు నాలుగైదు లెక్కలు అవుతాయి.